చలికి మూసిన వాల్వు

1962 నవంబరు 25, ఆదివారం

మా ఇంట్లోకి కుళాయి వచ్చి ఇవాళ్టికి నెల. నందిగామలో మా వీధి మొత్తానికి ఇంట్లో కుళాయి ఉన్నది మాకూ పక్కింటికీ మాత్రమే. మిగతావాళ్లంతా వీధి చివరి పంపు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడవలసిందే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా నీళ్లు వస్తాయి. మునేటి నుంచి కావడి మోసుకొచ్చే సాంబయ్యను ఇంక రావద్దన్నాను. గంగాళం అటక ఎక్కించాను. తిప్పితే వచ్చే నీళ్లకు నిల్వ ఎందుకు?

ఒక సంగతి రాసి ఉంచాలి. వీధిలోంచి వచ్చే గొట్టం మా పెరట్లోకి వచ్చి అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి మా కుళాయికి, రెండోది గోడ కింద నుంచి పక్కింటికి. ఆ చీలిక దగ్గర ఒక వాల్వు ఉంది. అది తిప్పితే పక్కింటికి నీళ్లు ఆగిపోతాయి. పక్కిల్లు దశరథరామయ్యగారిది. రెండుసార్లు తవ్వకం ఎందుకని ఆయనా నేనూ కలిసి ఒకే లైను వేయించుకున్నాం. అప్పుడా ఇల్లు ఖాళీగా ఉంది. ఈ నెల మొదట్లో దాన్ని లూర్దమ్మకు అద్దెకిచ్చాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. భర్త ప్రేమానందం బజార్లో టైలరు. నెమ్మదస్తులు. నాకేమీ అభ్యంతరం లేదు. నలభై ఏడులో హరిజన హాస్టల్లో జరిగిన సహపంక్తి భోజనాల ఫొటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేనే.

ఆవిడ కుళాయి కట్టేసినప్పుడు మా గొట్టంలో గుడగుడమంటుంది. అటు వెళ్లిన నీళ్లు మళ్లీ ఇటు వస్తున్నట్టు. నేను శబ్దం గురించే రాస్తున్నాను.

నవంబరు 27, మంగళవారం

చలి మొదలైంది. గుడగుడ కూడా.

డిసెంబరు 1, శనివారం

కిందటి వేసవిలో బెజవాడ వెళ్లినప్పుడు పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇవాళ చేతికి తగిలింది. గృహ సంరక్షణ గురించి. ఇంగ్లండులో అచ్చయింది. పదకొండో అధ్యాయం మొత్తం శీతకాలంలో నీటి గొట్టాల గురించే! గొట్టంలో నీరు గడ్డకడితే లోపలి నుంచి పగులుతుందట. బయట ఉన్న గొట్టాలకు గోనె గాని ఎండుగడ్డి గాని చుట్టాలట. అనవసరమైన శాఖలను వాల్వు దగ్గరే కట్టేయాలట. ఆ చివరి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాను.

స్కూలు లాబులోంచి థర్మామీటరు తెచ్చి పెరట్లో వేలాడదీశాను. తెల్లవారి అయిదున్నరకు అరవైమూడు డిగ్రీల ఫారన్‌హీటు. నీరు గడ్డకట్టేది ముప్ఫైరెండు దగ్గర. ఇంకా ముప్ఫై ఒక్క డిగ్రీ తేడా ఉంది. అయితే ఇది డిసెంబరు ఒకటో తారీఖు మాత్రమే.

గొట్టానికి గోనెపట్టా చుడుతుంటే అహల్య కాఫీ తెచ్చింది. ఏడో నెల. ఆయాసపడుతోంది. కూర్చోమన్నా కూర్చోదు.

"మన ఊళ్లో ఎప్పుడైనా నీళ్లు గడ్డకట్టాయిటండీ?" అంది.

"మన ఊళ్లో ఇదివరకు కుళాయిలున్నాయా? లేనప్పుడు గడ్డకట్టేదీ లేనిదీ ఎలా తెలుస్తుంది?" అన్నాను.

హైస్కూల్లో పదహారేళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి.

డిసెంబరు 3, సోమవారం

వాల్వు కట్టేశాను. పొద్దున వేళ మాత్రమే. చలి ఎక్కువగా ఉండేది అప్పుడే కదా. మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి వదులుతాను. గుడగుడ లేదు. మనసు కుదుటపడింది.

డిసెంబరు 6, గురువారం

ఇవాళ లూర్దమ్మ గోడ అవతల నుంచి పిలిచింది. డ్యూటీకి పోవటానికి తెల్లచీర కట్టుకుని ఉంది. వెనకాల ప్రేమానందం మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, మూడు రోజుల్నించి పొద్దున మాకు నీళ్లు రావట్లేదండి."

"చలి కదమ్మా. గొట్టం పగలకుండా ఆ శాఖ కట్టేశాను. సైన్సు ప్రకారం అలా చేయాలి" అన్నాను. గడ్డకట్టినప్పుడు నీటి ఘనపరిమాణం ఎలా పెరుగుతుందో కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"ఎన్నాళ్లండి?"

"మాఘం వెళ్లేదాకా."

"మరి మీ కుళాయికి చలి ఉండదాండి?"

"మాది ప్రధాన శాఖ. నీరు కదులుతూ ఉంటుంది. కదిలే నీరు గడ్డకట్టదు."

ఆవిడ నా మొహంకేసి కాసేపు చూసింది. ప్రేమానందం మాత్రం, "మాస్టారు చెప్పాక ఇంకేవుంటది? పద, టైమైపోతోంది" అన్నాడు. చదువు మీద గౌరవం ఉన్న మనిషి.

తరవాత లూర్దమ్మ వీధి గుమ్మం వైపు నుంచి వచ్చి అహల్యను చూసి వెళ్లింది. వారానికోసారి వచ్చి చూస్తుంది. కాళ్లు వాచాయా, తల తిరుగుతోందా అని అడుగుతుంది. అహల్యకు రెండుసార్లు పోయాయి. మొదటిది అయిదో నెలలో, రెండోది పుట్టిన పూటే. అప్పుడు చూసే మనిషి లేకపోయింది. ఈసారి పక్కింట్లోనే నర్సు ఉండటం అదృష్టం అని నేనే అన్నాను. ఆ మాట డైరీలో ఎక్కడో ఉండాలి. లేకపోతే ఇప్పుడు రాశాను.

డిసెంబరు 11, మంగళవారం

స్కూలు నుంచి వచ్చి చూస్తే వాల్వు నేను తిప్పి వెళ్లిన చోట లేదు. కొంచెం వదులైంది. సుద్దముక్కతో గీత గీసి పెట్టాను.

డిసెంబరు 12, బుధవారం

గీత తప్పింది. చలికి ఇనుము సంకోచిస్తుంది. ఎనిమిదో తరగతి పాఠమే. సంకోచిస్తే బిగుసుకోవాలి కాని వదులవటమేమిటి అన్న సందేహం వచ్చింది. పుస్తకంలో చూడాలి.

అహల్య వేళ్లకు తెల్లగా ఏదో అంటి ఉంది. ముగ్గుపిండి కాబోలు.

డిసెంబరు 15, శనివారం

జగ్గయ్యపేట నుంచి అక్కయ్య వచ్చింది. అహల్యకు తల్లి లేదు కనుక పురుడయ్యేదాకా అక్కయ్య ఇక్కడే ఉంటుంది. రాజరాజేశ్వరి అంటే జగ్గయ్యపేటలో మా బంధువులందరికీ హడల్. బావగారు పోయాక మడి మరీ ఎక్కువైంది. బస్సు చిల్లకల్లు దగ్గర చెడిపోతే రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడి ఉందట గాని, ఎవరిచ్చిన మంచినీళ్లూ పుచ్చుకోలేదట.

కుళాయి చూపించాను. దగ్గరికి కూడా రాలేదు.

"అందులో తోలు వాసరు ఉంటుందిటగా. నాకొద్దురా కాంతం. సాంబయ్యను మళ్లీ రమ్మను."

రమ్మన్నాను. ఒక్క బిందెడు మునేటి నీళ్లు ఆవిడ మడికి. అక్కయ్య ఉన్నన్నాళ్లు ఆ వాల్వు కట్టేసి ఉండటం అన్నివిధాలా మంచిది. ఆవిడ మనసు కష్టపెట్టకూడదు కదా.

డిసెంబరు 19, బుధవారం

చలికాలంలో కుళాయిల సంరక్షణ గురించి నేను రాసిన రెండు పేజీలు దశరథరామయ్యగారికి చూపించాను. మా వీధిలో విజ్ఞానమందిరం అనే చదువులగది నడిపేది ఆయనే. ఎకరాలున్నా పుస్తకాల మీద మోజున్న రైతు. చదివి, "అబ్బ! ఇన్నాళ్లూ మనకి ఎవరూ చెప్పలేదేవండీ!" అన్నాడు. కరపత్రం వేయిస్తానన్నాడు.

డిసెంబరు 22, శనివారం

కరపత్రం వచ్చింది. 'ఉమాకాంతం, సైన్సు ఉపాధ్యాయులు' అని పైన పెద్దక్షరాలు. వీధి చివరి పంపుకు కూడా ఎవరో గోనె చుట్టారు. బజార్లో పాత గోనెలు దొరకటం లేదట. కంచికచర్ల నుంచి తెప్పిస్తున్నారట. అరవైరెండు డిగ్రీలు.

డిసెంబరు 24, సోమవారం

లూర్దమ్మ వచ్చి అడిగింది. రేపు క్రిస్మస్. అత్తగారి వైపు వాళ్లు పదిమంది చెవిటికల్లు నుంచి వస్తున్నారట.

"రేపొక్క పొద్దున నీళ్లొదలండి మాస్టారూ. పిల్లా జెల్లా స్నానాలు చేసి చర్చికి పోవాల."

"చూస్తానమ్మా. చలిని బట్టి."

డిసెంబరు 25, మంగళవారం

అరవైఒకటి. ఈ కాలంలో ఇదే తక్కువ. ఒక డిగ్రీ పడిపోయినప్పుడు రిస్కు తీసుకోకూడదు. వదల్లేదు.

ఆరున్నరకు గోడ అవతల వాళ్ల చుట్టాలు బిందెలు తీసుకుని వీధి చివరికి పోతుంటే కిటికీలోంచి కనిపించింది. నవ్వుకుంటూనే పోయారు. పండగ కదా.

మధ్యాహ్నం పళ్లెం నిండా కేకులూ చక్కిలాలూ పంపించింది. అహల్య రెండు తిన్నది. అక్కయ్య తినదని తెలుసు. నేను తినలేదు. కడుపులో బాగాలేదు.

1963 జనవరి 1, మంగళవారం

వాల్వు మళ్లీ వదులుగా కనిపించింది. ఇక లాభం లేదని బిగించి, ఇనపతీగతో కట్టి, పైన తారు పూశాను. రోడ్డు వేసేవాళ్ల దగ్గర కొంచెం అడిగి తెచ్చాను. ఇంక చలిగాలి కూడా దూరదు. వాల్వు తిరగదు కూడా. అంటే పొద్దునా మధ్యాహ్నం అన్న భేదం ఇక లేదన్నమాట. ఒక విధంగా సుఖమే.

అహల్య దొడ్డి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఎనిమిదో నెల కదా, ఎక్కువసేపు నిలబడలేక వెళ్లిపోయింది.



జనవరి 4, శుక్రవారం

అరవైనాలుగు. కొంచెం వేడెక్కింది.

జనవరి 9, బుధవారం

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను. వరసగా రాయాలి.

నిన్న మధ్యాహ్నం స్కూల్లో ఉండగా సాంబయ్య పరిగెత్తుకొచ్చాడు. అహల్యకు నెప్పులొస్తున్నాయి, అక్కయ్య రమ్మంటోంది అని. ఇంకా నెల ఉంది. ఇల్లు చేరేసరికి రెండున్నర. అహల్య మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది.

"లూర్దమ్మను పిలుస్తాను" అన్నాను. రాత్రి డ్యూటీ చేసి ఆవిడ ఇంట్లోనే నిద్రపోతోంది.

"ముందు వాల్వు తీయండి" అంది అహల్య.

"ఇప్పుడా?"

"నీళ్లు కట్టేసిన ఇంటికెళ్లి, వచ్చి నా ప్రాణం కాపాడమని ఏ మొహంతో అడుగుతారు? తీయండి. తరవాత పిలవండి."

ఆవిడ నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. పెరట్లోకి పరిగెత్తాను. తారు రాయిలా గట్టిపడి ఉంది. తీగ తెగింది గాని వాల్వు కదల్లేదు. రెంచి జారింది. గునపం తెచ్చి పోటు పెట్టాను. ఒకటి, రెండు. మూడోదానికి కదిలింది. కదిలింది వాల్వు కాదు. గొట్టం చీలిక దగ్గర నిలువునా పగిలింది. రెండు ఇళ్లకూ మూలమైన చోటు అది.

నేను పెరట్లో ఉండగానే అక్కయ్య గోడ మీద నుంచి లూర్దమ్మను కేకేసింది. నేను లోపలికి వచ్చేసరికి ఆవిడ వచ్చేసి, చీర చెంగు బిగించి, అహల్య పక్కన వంగి ఉంది. నా వంక చూడకుండానే అడిగింది.

"చేతులు కడుక్కోవాల. నీళ్లు తెండి. కాచినవి వేరే కావాల, శానా కావాల."

వీధిలో మొట్టమొదటి కుళాయి ఉన్న ఇల్లు మాది. పొద్దున పట్టిన రెండు బిందెలూ అయిపోయాయి. మూడింటికి ఎలాగూ వస్తాయి కదా అని ఊరుకున్నాం. గంగాళం అటక మీద ఉంది.

అక్కయ్య వంటింట్లోకి వెళ్లి తన మడిబిందె ఎత్తుకొచ్చింది. సగానికి పైగా ఉన్నాయి. లూర్దమ్మ చేతుల మీద తనే పోసింది. మిగిలినవి పొయ్యి మీద పెట్టింది.

"ఇంతేనా?" అంది లూర్దమ్మ.

"ఇంతే తల్లీ."

"మా ఇంట్లో పెద్ద డ్రమ్ము నిండా ఉన్నయ్యి. కుళాయి రావట్లేదని రోజూ వీధి పంపు కాడ నిలబడి పట్టి పోస్తన్నా. మా ఆయన్ని కేకేయండి. తెచ్చిపోస్తాడు."

ప్రేమానందం బజార్లో ఉన్నాడు. నేను కదలబోతే అక్కయ్య ఆపింది. రెండు బిందెలు చంకన పెట్టుకుని వీధి గుమ్మంలోంచి దిగి, లూర్దమ్మ ఇంట్లోకి వెళ్లింది. చిల్లకల్లు రోడ్డు మీద రెండు గంటలు దాహంతో నిలబడ్డ మనిషి. నేను వెనక వెళ్లాను. డ్రమ్ములో చెంబు ముంచి నింపుతోంది.

"అక్కయ్యా, నీ మడి..." అన్నాను.

"నా మడి కోసం నేను సాంబయ్య చేత నీళ్లు తెప్పించుకుంటున్నాను. ఆవిడ కుళాయి కట్టేయమని నేనెప్పుడు చెప్పాను? నా పేరు పెట్టుకుని కట్టావా?"

నిండిన బిందె నా కేసి జరిపింది.

"బిందె పట్టుకో" అంది.

ఇద్దరం ఆరుసార్లు తిరిగాం. మూడింటికి పంచాయతీ నీళ్లు వదిలారు. పగిలిన గొట్టంలోంచి మా పెరట్లోకి ఎగజిమ్మాయి. బాదంచెట్టు మొదలు, గోనెపట్టాలు, నా చెప్పులు, అన్నీ ఆ బురదలో. రెండిళ్లలోనూ కుళాయిల్లోంచి చుక్క రాలేదు. పెరడు చెరువవుతుంటే నేను వీధిలోంచి నీళ్లు మోస్తున్నాను.

నాలుగుంబావుకు ఆడపిల్ల పుట్టింది. చాలా చిన్నది. ఏడవలేదు. గుమ్మం బయట నిలబడ్డ నాకు లోపలి నిశ్శబ్దం తెలుసు. కిందటిసారి కూడా అలాంటి నిశ్శబ్దమే. అహల్య "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతోంది. తలుపు సందులోంచి చూశాను. లూర్దమ్మ బిడ్డను మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని, నోట్లో నోరు పెట్టి ఊదుతోంది. ఊది ఆగుతోంది. మళ్లీ ఊదుతోంది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. అక్కయ్య పక్కన స్తంభంలా నిలబడి చూస్తోంది.

అప్పుడు పిల్లికూన అరిచినంత చిన్న చప్పుడు. తరవాత పెద్దది.

అక్కయ్య బయటికి వచ్చి గోడకు జారగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు తెలిసి బావగారు పోయినప్పుడు కూడా ఆవిడ ఎవరి ముందూ ఏడవలేదు.

జనవరి 10, గురువారం

ఫిట్టరు వచ్చి చూశాడు. "ఇది చలికి పగల్లేదు సార్. ఎవరో గునపంతో పొడిచారు" అన్నాడు. కొత్త గొట్టం నిదానంగా వేయమని చెప్పి లోపలికి వచ్చేశాను.

జనవరి 13, ఆదివారం

పిల్ల పాలు తాగుతోంది. లూర్దమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి వెళుతోంది. వాల్వు లేకుండా రెండిళ్లకూ లైను కలిపారు. గుడగుడ ఉంది. పిల్ల ఆ చప్పుడుకు అటు తిరుగుతోందని అక్కయ్య అంటుంది. అయిదు రోజుల పిల్లకు అంత తెలుస్తుందా?

జనవరి 21, సోమవారం

దశరథరామయ్యగారు వచ్చారు. ఇరవై ఆరున రిపబ్లిక్ డే సభ. విజ్ఞానమందిరంలో నేను మాట్లాడాలట. "చలికాలంలో కుళాయిల గురించి మీ నోటితో వినాలని జనం అడుగుతన్నారండీ. మీ కరపత్రం వచ్చాక మన ఊళ్లో ఒక్క గొట్టం పగల్లేదు తెలుసా?" అన్నాడు. మా గొట్టం సంగతి ఆయనకు తెలియదు. మట్టి కప్పేశాం.

ఆయన వెళ్లాక అహల్య అంది. "మాట్లాడండి. అందరి ముందూ నిజం చెప్పేయండి. ఒక్కసారితో అయిపోతుంది."

"ఏ నిజం?"

"పొద్దున మీరు కట్టేసి వెళ్లేవారు. మధ్యాహ్నం మూడింటికి నేను తిప్పేదాన్ని. తారు పూసేదాకా. మీకు తెలియదా?"

ముగ్గుపిండి కాదన్నమాట.

"తెలుసు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. తెలుసేమో.

జనవరి 26, శనివారం

చెప్పాలనే లేచి నిలబడ్డాను. కాగితం మీద రాసుకుని కూడా వెళ్లాను. గది నిండిపోయింది. ఆడవాళ్ల చాప మీద చివరగా లూర్దమ్మ కూర్చుంది, డ్యూటీ బట్టల్లోనే. ప్రేమానందం గుమ్మం దగ్గర.

"నేను మీతో ఒక తప్పు గురించి చెప్పాలి" అని మొదలుపెట్టాను. దశరథరామయ్యగారు ముందు వరసలో చెయ్యి చెంపకానించుకుని వింటున్నారు. అక్కడ నా మాట పక్కకు తిరిగింది. మన సమాజంలో కొన్ని తప్పులున్నాయి అన్నాను. మనుషుల మధ్య గోడలున్నాయి అన్నాను. మా ఇంట్లో ఆపద వచ్చినప్పుడు పక్కింటి సోదరి లూర్దమ్మ నీళ్లిచ్చింది, ఆ నీళ్లతో నా బిడ్డకు మొదటి స్నానం జరిగింది, మేము ఏ భేదమూ చూడలేదు అన్నాను.

మేము చూడలేదు అన్నాను!

చప్పట్లు ఆగలేదు. దశరథరామయ్యగారు లేచి, "ఉమాకాంతం మాస్టారి లాంటి విశాలహృదయం మనూళ్లో ఎంతమందికుందండీ? ఆవిడ ఇంటి నీళ్లు పుచ్చుకోటానికి ఎంత గుండె కావాలి!" అంటూ బంతిపూల దండ నా మెడలో వేశారు. లూర్దమ్మ కూడా చప్పట్లు కొట్టింది. రెండుసార్లు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

దండతోనే ఇంటికి వచ్చాను. తీసేయాలని తోచలేదు.

"చెప్పారా?" అంది అహల్య.

"మాట్లాడాను."

ఆవిడ దండ చూసింది. పిల్లను అటువైపు తిప్పుకుని పడుకుంది.

జనవరి 27, ఆదివారం

పొద్దున ఏడింటికి వాళ్లింటికి వెళ్లాను. నెలల తరబడి గోడ మీద నుంచి మాట్లాడటమే గాని, ఆ రోజు నీళ్లకు తప్ప లోపలికి వెళ్లలేదు. లూర్దమ్మ కుళాయి కింద అంట్లు తోముతోంది. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకుంది.

"పిల్ల ఎట్టా ఉందండి? జొరమేం లేదుగా?"

"బాగుంది. నేను ఒక మాట చెప్పటానికి వచ్చానమ్మా. ఆ వాల్వు చలికని కట్టలేదు. మీ కుళాయీ మా కుళాయీ ఒకటే గొట్టం కావటం నాకు నచ్చలేదు. మీరు కట్టేసినప్పుడు నీళ్లు ఇటు తిరిగొస్తున్నాయనిపించేది. అందుకు కట్టాను. చలి అని అబద్ధం చెప్పాను. నిన్న సభలో కూడా అబద్ధమే."

ఇంత చిన్నదా అనిపించింది, చెప్పాక. రెండు నెలలు దాచింది ఈ నాలుగు ముక్కలేనా?

లూర్దమ్మ కుళాయి కట్టేసింది. గొట్టంలో గుడగుడమంది. ఇద్దరం విన్నాం.

"తెలుసండి మాస్టారూ. మొదటి రోజే తెలుసు. అట్టా నీళ్లు కట్టేసేవోళ్లని నా చిన్నప్పట్నించీ చూస్తన్నా. వాళ్లు చలి పేరు చెప్పరు, అంతే తేడా."

"మరి ఆ రోజు ఎందుకు వచ్చారు?"

"అదేం మాటండి? నెప్పులొస్తన్న మనిషి పిలిస్తే రానా?" ఆవిడ గొంతులో కోపం మొదటిసారి విన్నాను. "మీ కోసం రాలా నేను. అహల్యమ్మ కోసం వచ్చా."

వెళ్లిపోదామని తిరిగేసరికి మళ్లీ పిలిచింది.

"నాకు చెప్పారు, బానే ఉంది. నాకు కొత్తగా తెలిసిందేం లేదు. మా ఆయనకి చెప్పండి. ఆయన పెరట్లో ఉన్నాడు."

"ఆయనకు తెలియదా?"

"నేను చెప్తే ఒప్పుకోలేదండి. మాస్టారు సైన్సు చదివినోడు, నీకేం తెలుసు అని నన్నే కేకలేశాడు. మా ఇద్దరికీ మీ మూలాన నాలుగుసార్లు పోట్లాటైంది."

పెరట్లోకి వెళ్లాను. గోడ కింద నుంచి పైకి లేచిన వాళ్ల గొట్టానికి ప్రేమానందం ఒక కోటు కుట్టి తొడిగాడు. గోనె కాదు. లోపల పాత కంబళి, పైన ఖాకీగుడ్డ, అంచుకు మిషను కుట్టు, పొడుగునా బొత్తాలు, కాజాలు. వంపు తిరిగిన చోట చంకలో వేసినట్టు పీలిక కూడా వేశాడు. నా కరపత్రం పక్కన రాయి కింద పెట్టి ఉంది. ఒక బొత్తాం ఊడితే కుడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"రండి మాస్టారూ! నిన్న శానా బాగా మాట్లాడారండి. ఇది చూశారా? మీరు గోనె అని రాశారు గాని, గోనె తడిస్తే చలి ఇంకా లాగుద్దని కంబళి వేశా. సరైందేనాండి?"

చూశాను. అంత శ్రద్ధగా కుట్టిన కోటు నేను తొడుక్కోలేదు.

"ప్రేమానందం, నీళ్లు గడ్డకట్టవయ్యా" అన్నాను.

"మాఘం వెళ్లిందాకా జాగ్రత్తని రాశారుగా?"

"మన ఊళ్లో ఎప్పుడూ కట్టవు. నాకు మొదట్నుంచీ తెలుసు. మీకు నీళ్లు ఆపటానికి నేనే ఆ మాట పుట్టించాను."

ఎందుకు ఆపానో కూడా చెప్పాను. లూర్దమ్మకు చెప్పినంత తేలిక కాలేదు. మాట మాటకీ ఆగవలసి వచ్చింది. ఆయన సూది పట్టుకుని అలాగే విన్నాడు. మొహంలో ఏదీ కదల్లేదు. నేను ముగించాక సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకుని, కింద కూర్చుని, కోటు బొత్తాలు తీయటం మొదలుపెట్టాడు. పైనుంచి ఒక్కొక్కటే.

నేనూ కూర్చుని రెండోవైపు నుంచి తీయబోయాను.

"వద్దులెండి మాస్టారూ," అన్నాడు, తల ఎత్తకుండా. "నేను కుట్టిందేగా. నేను తీసుకుంటా."